రెండు రాజ్యాల నడుమ: పి.వి. విదేశాంగ విధానంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

1. పీఠిక

కాళేశ్వరం వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇవతలి ఒడ్డు తెలంగాణలోని జయశంకర్ భూపాలపల్లి జిల్లా, అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా. ఇంకా దిగువకు పోతే ఇంద్రావతి వచ్చి కలిసే చోట ఛత్తీస్‌గఢ్ సరిహద్దు తగులుతుంది. యాత్రికులకు ఇది ముక్తీశ్వరాలయం ఉన్న క్షేత్రం. ఇక్కడి ప్రజలకు మాత్రం ఇది సరిహద్దు ప్రాంతం. అవతలివారితో సంబంధం తెంచుకోలేక, ఇవతలివారిని కాదనలేక బ్రతకడం వారికి తరతరాలుగా తెలిసిన విషయమే.

కాళేశ్వరం మంథని శాసనసభ నియోజకవర్గంలోనిది. ఈ మంథనికి 1957 నుండి 1977 వరకు ఇరవై సంవత్సరాలు ప్రాతినిధ్యం వహించినవారు శ్రీ పి.వి. నరసింహారావు. ఆయన తరువాత రెండు పర్యాయాలు (1980-84, 1988-89) కేంద్ర విదేశాంగ మంత్రిగాను, 1991 జూన్ 21 నుండి 1996 మే వరకు భారత ప్రధానమంత్రిగాను పనిచేశారు. ప్రపంచం రెండు శిబిరాలుగా ఉన్నప్పుడు ఒకసారి, ఆ రెంటిలో ఒకటి కూలిపోయినప్పుడు మరొకసారి దేశ విదేశాంగ విధానాన్ని నడిపించే బాధ్యత ఆయన మీద పడింది. అందుచేత, పరస్పర విరోధులైన బలమైన రాజ్యాల నడుమ ఒక దేశం తన తూకాన్ని ఎలా కాపాడుకుంటుంది అనే ప్రశ్నను పరిశీలించడానికి మనకు దగ్గరలో ఉన్న మంచి ఉదాహరణ పి.వి.

సంఘ కాపరులకు, వేదాంత విద్యార్థులకు ఈ విషయంతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. పని ఉన్నది. యుద్ధం వచ్చిన ప్రతిసారీ మన ప్రసంగ వేదికల మీద దేశాలకు తీర్పు జరుగుతూనే ఉంటుంది. ఫలానా దేశం పక్షాన నిలిచినందుకు మన దేశం ఆశీర్వదింపబడుతుందని ఒకరు, ఏ పక్షమూ తీసుకోనందుకు దేవుడు మనలను ఉమ్మివేస్తాడని మరొకరు చెబుతుంటారు. వాక్యభాగాన్ని చదవకుండా గాని, చరిత్రను చదవకుండా గాని చెప్పే ఇటువంటి మాటలు సంఘాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ఈ వ్యాసంలో మేము ముందుగా ఈ వ్యాఖ్యానాలను పరీక్షించి, తరువాత ప్రవక్తల కాలంలో యూదా రాజ్యపు పరిస్థితిని చూచి, ఆ వెలుగులో పి.వి. విధానాన్ని విమర్శించడానికి ప్రయత్నిస్తాము. మా వాదన సంగ్రహంగా ఇది: ఇద్దరు బలవంతుల మధ్య తూకం పాటించడం వివేకం కావచ్చు. బలవంతునికి, బలహీనునికి మధ్య పాటించే తూకం మాత్రం తూకం కాదు. అది బలవంతుని పక్షమే.

2. మూడు వ్యాఖ్యానాలు

మొదటిది, 'వెచ్చని సంఘం' వ్యాఖ్యానం. ప్రకటన 3:15-16లో లవొదికయ సంఘాన్ని గూర్చి చెప్పిన మాటను తీసుకొని, అలీన విధానం చల్లగానూ వెచ్చగానూ లేని నులివెచ్చని విధానమని చెప్పడం. ఈ వాక్యభాగపు సందర్భం వేరు. లవొదికయకు సమీపంలోని హియెరాపొలిలో వేడినీటి ఊటలుండేవి. కొలొస్సయికి చల్లని నీరుండేది. వేడినీరు వైద్యానికి, చల్లని నీరు దాహానికి, రెండూ ఉపయోగపడేవే. ఇక్కడ మందలింపు రెండు పక్షాల మధ్య నిలిచినందుకు కాదు. ఐశ్వర్యం కలిగి, తనకేమీ కొదువ లేదనుకొని, ఎవరికీ పనికిరాకుండా పోయిన సంఘాన్ని గూర్చి ఆ మందలింపు.

ఈ వ్యాఖ్యానాన్ని మన ప్రాంతంలోనే పరీక్షించి చూడవచ్చు. మహదేవపూర్, మహాముత్తారం అడవి పల్లెలు ఎన్నో ఏండ్లు పోలీసులకు, అన్నలకు నడుమ నలిగిపోయాయి. మంథనికి శాసనసభ్యులుగా ఉండి, రాష్ట్ర శాసనసభ స్పీకర్‌గా పనిచేసిన శ్రీ దుద్దిళ్ల శ్రీపాదరావు 1999 ఏప్రిల్‌లో నక్సలైట్ల చేతిలో హతులైనది ఈ ప్రాంతంలోనే. ఆ కాలంలో రాత్రి వచ్చినవారికి అన్నం పెట్టి, పగలు వచ్చినవారికి జవాబు చెప్పుకొని, ఏ పక్షమూ తీసుకోకుండా పిల్లలను బ్రతికించుకున్న కుటుంబాలను నులివెచ్చనివారని ఏ కాపరియైనా అనగలడా? బలహీనుని మౌనానికి ఒక అర్థం ఉన్నది, అధికారం ఉన్నవాని మౌనానికి మరొక అర్థం ఉన్నది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేయకూడదు.

రెండవది, 'ఇద్దరు యజమానులు' వ్యాఖ్యానం. మత్తయి 6:24లో ప్రభువు మాట్లాడుచున్నది దేవునికి, సిరికి మధ్య ఎన్నికను గూర్చి. అమెరికా, రష్యాలలో ఎవరూ దేవుని స్థానంలో లేరు. నిజానికి ఈ వాక్యాన్ని రాజ్యాలకు అన్వయించదలిస్తే అది వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. ఏ మహారాజ్యాన్నీ యజమానిగా అంగీకరించవద్దని అది మనలను హెచ్చరిస్తుంది.

మూడవది, 'ఇశ్రాయేలు ఆశీర్వాదం' వ్యాఖ్యానం. భారతదేశం 1992 జనవరి 29న ఇశ్రాయేలుతో పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు ఏర్పరచుకున్నది. ఆదికాండము 12:3ను దీనికి జోడించి, పి.వి. తెలిసో తెలియకో ప్రవచన నెరవేర్పులో పాలుపొందారని కొందరు బోధిస్తారు. ఆ నిర్ణయపు నేపథ్యం చూడండి. 1991 అక్టోబరులో మాడ్రిడ్ సమావేశంలో అరబ్బు దేశాలే ఇశ్రాయేలుతో ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. అదే నెలలో సోవియట్ యూనియన్ ఇశ్రాయేలుతో సంబంధాలను పునరుద్ధరించింది. జియోనిజాన్ని జాతివివక్షగా పేర్కొన్న 1975 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానాన్ని 1991 డిసెంబరు 16న రద్దు చేసినప్పుడు భారతదేశం రద్దుకు అనుకూలంగా ఓటు వేసింది. చైనా మనకంటే ఐదు రోజులు ముందుగా, 1992 జనవరి 24న, ఇశ్రాయేలుతో దౌత్య సంబంధాలు ప్రారంభించింది. ఇది అబ్రాహాము నిబంధన మీద ధ్యానం వలన వచ్చిన నిర్ణయం కాదు, మారిన ప్రపంచాన్ని లెక్కగట్టి తీసుకున్న నిర్ణయం. దానిని అలాగే విమర్శించాలి. ప్రవచనమని పేరు పెట్టినట్లయితే ఇక ఎవరూ దానిని ప్రశ్నించలేరు.

3. అష్షూరుకు, ఐగుప్తుకు నడుమ యూదా

పాత నిబంధన ఈ విషయంలో మనకు ఏమి చెబుతున్నది? ఇశ్రాయేలు, యూదా రాజ్యాలు రెండూ నైలు నదికి, యూఫ్రటీసు నదికి మధ్యనున్న దారి మీద ఉన్న చిన్న రాజ్యాలు. ఒకవైపు ఐగుప్తు, మరొకవైపు అష్షూరు, తరువాత బబులోను. ఆ రాజులు ఏదో ఒక వైపు మొగ్గకుండా ఒక తరం కూడా గడపలేకపోయారు.

క్రీ.పూ. 734 ప్రాంతంలో అరాము, ఇశ్రాయేలు రాజులు కలిసి యెరూషలేము మీదికి వచ్చినప్పుడు ఆహాజు అష్షూరు రాజైన తిగ్లత్పిలేసెరును సహాయమడిగాడు (2 రాజులు 16). అష్షూరును ఆశ్రయించవద్దని, నెమ్మదిగా ఉండమని యెషయా ఆ రోజులలో ఆహాజుకు చెప్పాడు (యెషయా 7). ఇశ్రాయేలు చివరి రాజైన హోషేయ అష్షూరుకు కప్పం మాని ఐగుప్తుకు దూతలను పంపాడు. క్రీ.పూ. 722లో షోమ్రోను పడిపోయింది. తరువాత హిజ్కియా కాలంలో ఐగుప్తు గుఱ్ఱములను నమ్ముకొనేవారిని యెషయా ఖండించాడు (యెషయా 30, 31). హోషేయ ప్రవక్త ఎఫ్రాయిమును ఒకసారి ఐగుప్తు వైపు, మరొకసారి అష్షూరు వైపు ఎగిరే బుద్ధిలేని పావురంతో పోల్చాడు (హోషేయ 7:11). ఇంతవరకు చూస్తే ప్రవక్తలు ఏ సామ్రాజ్యానికీ లోబడవద్దని చెప్పినట్లు తోస్తుంది. అయితే మరొక నూరు సంవత్సరాల తరువాత యిర్మీయా మెడమీద కాడి పెట్టుకొని, బబులోనుకు లోబడి బ్రతకండని సిద్కియాకు చెప్పాడు (యిర్మీయా 27). ఐగుప్తు సేన వచ్చి ఆదుకొంటుందన్న ఆశ వ్యర్థమని కూడా చెప్పాడు (యిర్మీయా 37).

కాబట్టి విదేశాంగ విధానానికి బైబిలులో ఒకే సూత్రం దొరకదు. ఒక కాలంలో కూటమి వద్దన్నారు, మరొక కాలంలో లోబడమన్నారు. దేశ పరిస్థితి మారినకొలది ప్రవక్త సలహా కూడా మారింది. మారనిది మరొకటి ఉన్నది, దానిని మన వ్యాఖ్యానాలు సాధారణంగా దాటిపోతాయి. కూటమికి వెల ఎవరు చెల్లించారో రాజుల గ్రంథకర్త పదేపదే వ్రాసిపెట్టాడు. మెనహేము అష్షూరుకు ఇచ్చిన వెయ్యి తలాంతుల వెండిని ఇశ్రాయేలులోని ధనవంతుల దగ్గర తలకు యాబది తులముల చొప్పున వసూలు చేశాడు (2 రాజులు 15). ఆహాజు మందిరంలోని వెండి బంగారములను పంపాడు. హిజ్కియా మందిరపు తలుపులకున్న బంగారాన్ని తీయించాడు (2 రాజులు 18). యెహోయాకీము ఫరో నెకోకు ఇవ్వవలసిన వెండి బంగారముల కొరకు దేశ జనులందరి మీద పన్ను నిర్ణయించాడు (2 రాజులు 23:35).

ఈ యెహోయాకీమునే యిర్మీయా 22వ అధ్యాయంలో గద్దిస్తాడు. ఆ గద్దింపు ఐగుప్తు పొత్తును గూర్చి కాదు. పనివారికి జీతమియ్యకుండా విశాలమైన ఇల్లు కట్టించుకున్నందుకు. అదే చోట ఆ రాజు తండ్రియైన యోషీయాను దీనుల పక్షాన న్యాయం తీర్చినవానిగా ప్రవక్త జ్ఞాపకం చేస్తాడు. అంటే రాజు ఎవరితో పొత్తు పెట్టుకున్నాడన్న ప్రశ్నతో ప్రవక్త ఆగిపోలేదు. ఆ పొత్తు భారం ఎవరి వీపు మీద పడిందని కూడా అడిగాడు. ఈ రెండవ ప్రశ్ననే మేము పి.వి. విధానానికి వేయదలచినాము.

4. పి.వి. పద్ధతి

పి.వి. ప్రధానమంత్రి అయ్యేనాటికి దేశం చేతిలో ఉన్న విదేశీ మారక ద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితిలో ఉన్నది. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టవలసివచ్చింది. మందిరపు బంగారాన్ని తీసిన రాజుల సంగతి చదివినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. అదే సంవత్సరం డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించింది. 1971 ఆగస్టు 9 నాటి మైత్రీ ఒప్పందం ద్వారా మనకు దన్నుగా ఉన్న దేశం పటంలోనే లేకుండా పోయింది. రెండు పళ్ళేల తక్కెడలో ఒక పళ్ళెం ఊడిపోయినప్పుడు తూకం ఎలా నిలబెట్టాలి? ఇది పి.వి. ఎదుట ఉన్న ప్రశ్న.

ఆయన ఎన్నుకున్న పద్ధతిని జంట అడుగుల పద్ధతి అని చెప్పవచ్చు. ఒక వైపు వేసిన ప్రతి అడుగుకు ఎదురు వైపు మరొక అడుగు వేయడం. ఇశ్రాయేలుతో సంబంధాల ప్రకటనకు ముందు, అదే 1992 జనవరిలో, పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ ఢిల్లీకి వచ్చి వెళ్ళారు. పాలస్తీనాకు 1988లో ఇచ్చిన గుర్తింపును మన దేశం వెనుకకు తీసుకోలేదు. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు ఎల్సిన్ ఢిల్లీకి వచ్చినప్పుడు పాత ఒప్పందం స్థానంలో కొత్త మైత్రీ ఒప్పందం జరిగింది. 1971 ఒప్పందంలోని భద్రతా నిబంధన ఇందులో లేదు. 1994 మేలో పి.వి. వాషింగ్టన్ వెళ్ళి అమెరికా కాంగ్రెసు ఉభయసభలనుద్దేశించి ప్రసంగించారు. 1993 సెప్టెంబరు 7న బీజింగులో చైనాతో వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి సామరస్యాల ఒప్పందం కుదిరింది. అదే నెలలో ఆయన ఇరాన్ కూడా వెళ్ళారు. మరోవైపు ఆగ్నేయాసియా దేశాలతో సంబంధాలు పెంచుకుంటూ 1992లో ఆసియాన్ కూటమికి పరిమిత స్థాయి భాగస్వామిగా, 1995లో పూర్తి స్థాయి భాగస్వామిగా భారతదేశం స్థానం పొందింది.

దీని ఫలితం 1994 మార్చిలో జెనీవాలో కనబడింది. కాశ్మీరు విషయమై మానవ హక్కుల కమిషన్‌లో పాకిస్తాన్ తెచ్చిన తీర్మానం ఓటింగుకు రాకముందే ఉపసంహరింపబడింది. చైనా, ఇరాన్ దేశాలు పాకిస్తాన్‌ను వెనుకకు తగ్గమని చెప్పడం దీనికి ముఖ్య కారణమని విశ్లేషకులు వ్రాశారు. ప్రతిపక్ష నాయకుడైన శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయిని భారత ప్రతినిధి బృందానికి నాయకునిగా పంపడం కూడా పి.వి. వివేకానికి గుర్తు.

ఈ జంట అడుగుల వెనుక సామాన్యుల క్షేమం కూడా ఉన్నదని మనం గుర్తించాలి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి గల్ఫ్‌కు పోయిన మనుషులు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న లక్షకు పైగా భారతీయులను విమానాలలో తీసుకురావలసివచ్చింది. ఇది పి.వి. ప్రధాని కాకముందు జరిగినది. అరబ్బు దేశాలతో సంబంధం చెడితే మొదట నష్టపోయేది ఎవరో ఆ సంఘటన చూపించింది. ఇశ్రాయేలుతో చేయి కలుపుతూ అరాఫత్ చేయి విడువకపోవడంలో ఢిల్లీ దౌత్యం ఎంత ఉన్నదో, దుబాయి కూలీ జీతం కూడా అంత ఉన్నది. ఈ మేరకు పి.వి. తూకం బాధ్యత గల తూకమని అంగీకరించాలి.

5. తూకం తప్పిన చోట్లు

అయితే ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. ఆయనను చాణక్యునిగా కీర్తించే రచనలు వీటిని తేలికగా దాటిపోతాయి. 2024లో ఆయనకు భారతరత్న ప్రకటించిన తరువాత ఈ ధోరణి మరింత పెరిగింది.

మొదటి లోపం, అఫ్గానిస్తాన్ విషయంలో మౌనం. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో ప్రవేశించాయి. 1980 జనవరి 14న ఐక్యరాజ్యసమితిలో విదేశీ సేనల ఉపసంహరణను కోరే తీర్మానానికి 104 దేశాలు అనుకూలంగా, 18 వ్యతిరేకంగా ఓటు వేయగా, 18 దేశాలు తటస్థంగా ఉన్నాయి. తటస్థంగా ఉన్నవాటిలో భారతదేశం ఒకటి. కొత్తగా అధికారానికి వచ్చిన ఇందిరాగాంధీ నిర్ణయమది. ఆ జనవరిలోనే విదేశాంగ శాఖ చేపట్టిన పి.వి. తరువాతి సంవత్సరాలలో ఆ వైఖరినే మోశారు. రెండు మహారాజ్యాల పోటీగా చూస్తే ఇది తటస్థత. అఫ్గాన్ పల్లెల నుండి చూస్తే, ఇంట్లోకి వచ్చిన సైన్యానికి, ఇంటివారికి మధ్య తటస్థత. రెండు శిబిరాల లెక్కలో మూడవ మనిషి కనబడకపోవడం ఈ పద్ధతిలోని పెద్ద ప్రమాదం.

రెండవ లోపం, వాయిదా. 1993 ఒప్పందం చైనాతో సరిహద్దు తగాదాను పరిష్కరించలేదు, పరిష్కారమయ్యేవరకు శాంతిగా ఉండడానికి దారి చూపింది. దాని మేలు చిన్నది కాదు. అయితే రేఖ ఎక్కడున్నదో ఇరుపక్షాలు అంగీకరించకుండా రేఖను గౌరవిద్దామని ఒప్పుకోవడం అప్పును తరువాతి తరానికి అప్పగించడమే. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. వారిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు ఒకరు. వాయిదా వేసిన ప్రశ్నకు చివరకు ఎవరో ఒకరి ఇంటిలో జవాబు చెప్పుకోవలసివస్తుంది. ఈ మాట పి.వి. ఒక్కరిపై వేయదగిన నింద కాదు. ఆయన తరువాత వచ్చిన ప్రభుత్వాలకు ఇరవై నాలుగేండ్ల సమయం ఉన్నది.

మూడవ లోపం అన్నిటికంటే గంభీరమైనది. విదేశాలతో ఫలించిన ఓర్పును, వేచి చూచే అలవాటును దేశం లోపల కూడా ప్రయోగించడం. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చబడింది. తరువాతి అల్లర్లలో వందలాది ప్రాణాలు పోయాయి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన హామీలను కేంద్రం నమ్మింది. రాజ్యాంగపరంగా తన చేతులు కట్టివేయబడ్డాయని పి.వి. వాదించారు. 2009లో వచ్చిన లిబర్‌హాన్ కమిషన్ నివేదిక కూడా ఆయన ప్రభుత్వాన్ని ప్రధాన దోషిగా నిలబెట్టలేదు. చట్టపరమైన దోషం సంగతి అలా ఉంచి, పద్ధతిని విమర్శించే హక్కు మనకున్నది. బీజింగుకు, ఢిల్లీకి మధ్య కాలయాపన జరిగితే ఇద్దరికీ ఊపిరి పీల్చుకొనే సమయం దొరుకుతుంది, ఎందుకంటే ఇద్దరూ బలవంతులే. గుంపుకు, అల్పసంఖ్యాకులకు మధ్య కాలయాపన జరిగితే ఆ సమయమంతా గుంపుకే ఉపయోగపడుతుంది. ఇంటా బయటా ఒకే తక్కెడ పనికిరాదు. అల్పసంఖ్యాక సమాజంగా ఉన్న మనకు ఈ పాఠం వేరొకరు చెప్పనక్కరలేదు.

ఇక్కడ మా విమర్శ మీద వచ్చే ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. బలహీనుల పక్షాన మాట్లాడటం ధనిక దేశాలకు సులభం, బంగారం తాకట్టు పెట్టిన దేశానికి అది సాధ్యమా అని అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అడవి పల్లె వారి మౌనాన్ని మేము తప్పుపట్టలేదు. అదే న్యాయం 1991 నాటి భారతదేశానికి కూడా కొంతవరకు వర్తిస్తుంది. అయితే బలం పెరిగినకొలది మౌనానికి ఉన్న మినహాయింపు తగ్గిపోవాలి. 2022 మార్చి 2న ఉక్రెయిన్ మీద దాడిని ఖండించే తీర్మానం విషయంలోను, 2023 అక్టోబరు 27న గాజాలో మానవతా విరామాన్ని కోరే తీర్మానం విషయంలోను భారతదేశం తటస్థంగా ఉన్నది. 2023 డిసెంబరు 12న గాజాలో కాల్పుల విరమణకు అనుకూలంగా ఓటు వేసింది. 1991లో రెండు వారాల దిగుమతులకు వెతుక్కున్న దేశం వేరు, ఈ దేశం వేరు. పాత బీదతనపు మౌనాన్ని కొత్త సంపన్నత కూడా వాడుకుంటే అది వివేకమని చెప్పలేము.

6. వెల చెల్లించేవారు

ఇంతకూ తూకానికి వెల ఎవరు చెల్లిస్తారు? దీనికి జవాబు కొరకు దూరం పోనక్కరలేదు, కాళేశ్వరం ఒడ్డునే నిలబడి చూడవచ్చు.

నది పంపకం రాష్ట్రాల మధ్య విదేశాంగ విధానం వంటిదే. ప్రాణహిత మీద తుమ్మిడిహట్టి వద్ద 152 మీటర్ల ఎత్తున బ్యారేజి కట్టాలని మన వైపు కోరిక. ముంపు భయంతో మహారాష్ట్ర 148 మీటర్లకు మించి ఒప్పుకోలేదు. 2016 ఆగస్టు 23న ముంబయిలో ఇరు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఒప్పందం చేసుకున్నారు. మేడిగడ్డ బ్యారేజికి 100 మీటర్ల ఎత్తు నిర్ణయమైంది. ఇరువురూ గెలిచామని ప్రకటించారు. 2019 జూన్ 21న ప్రాజెక్టు ప్రారంభమైంది. తరువాత సిరొంచ తాలూకా రైతులు బ్యారేజి వెనుక నీటిలో తమ భూములు మునుగుతున్నాయని ఆందోళనకు దిగారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పియర్లు కుంగిపోవడంతో నీటి కొరకు ఆశపెట్టుకున్న ఇవతలి రైతులకూ నిరాశ మిగిలింది. ఒప్పందం మీద సంతకాలు జరిగిన బల్ల దగ్గర ఈ ఇరువురిలో ఎవరికీ కుర్చీ లేదు.

అదే నది సముద్రం చేరే చోట మరొక ఉదాహరణ ఉన్నది. రష్యా నుండి చమురు కొంటున్నందుకు అమెరికా 2025 ఆగస్టు 27 నుండి భారత సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. అంతకుముందు వేసిన 25 శాతంతో కలిపి అది 50 శాతమైంది. రష్యా చమురు చౌకగా వచ్చినప్పుడు లాభపడినవారిలో పెద్ద శుద్ధి కర్మాగారాలు ముందున్నాయి. అమెరికా సుంకం పడినప్పుడు ముందుగా కలవరపడినవారిలో గోదావరి డెల్టాలోని రొయ్యల రైతులున్నారు. ఎందుకంటే మన రొయ్యలకు పెద్ద మార్కెట్టు అమెరికాయే. చమురు కొనడం తప్పని మేము అనడం లేదు. స్వతంత్ర దేశం తనకు కావలసినది తనకు తోచిన చోట కొనుక్కోవచ్చు. తూకం వలన లాభం ఒకరికి, నష్టం మరొకరికి పోయినప్పుడు ఆ నష్టాన్ని పంచుకొనే ఏర్పాటు ఉన్నదా అన్నది ప్రశ్న. మెనహేము కప్పాన్ని ధనవంతుల మీద వేశాడు. యెహోయాకీము దేశ జనులందరి మీద వేసి తాను ఇల్లు కట్టించుకున్నాడు. రాజుల గ్రంథకర్త ఇద్దరినీ చెడ్డ రాజులనే అన్నాడు. అయినా ఆ రెండు వసూళ్ళ మధ్య తేడా చదువరికి కనబడేట్లు వ్రాశాడు.

7. ముగింపు

పి.వి. విదేశాంగ విధానం సోమరి తటస్థత కాదు. కూలిపోయిన తక్కెడను చిన్న చిన్న రాళ్ళతో మరల నిలబెట్టిన శ్రమ అది. దానిని నులివెచ్చని విధానమని తీసివేయడం అజ్ఞానం, ప్రవచన నెరవేర్పని ఎత్తి పట్టుకోవడం మరొక రకపు అజ్ఞానం. బలవంతుల మధ్య ఆయన తూకం చాలవరకు సరిగానే నిలిచింది. బలహీనుడు ఒక పక్షంగా ఉన్నప్పుడు అదే తూకం తప్పింది. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పగలిగినప్పుడే మనది విమర్శ అవుతుంది. ఒకటే చెబితే అది స్తోత్రమో, నిందో అవుతుంది.

ప్రసంగ వేదిక ఎక్కే ముందు కాపరులు మూడు ప్రశ్నలు వేసుకొనవలెనని మా మనవి. ఈ వివాదంలో నిజంగా ఇద్దరు బలవంతులున్నారా, లేక ఒక బలవంతుడు, ఒక బలహీనుడు ఉన్నారా? మౌనంగా ఉన్నవానికి మాట్లాడే శక్తి ఉన్నదా, లేదా? ఈ తూకానికి వెల చెల్లించేవాడు మన సంఘంలో ఎక్కడ కూర్చున్నాడు? ఊరి ఎన్నికలలో రెండు వర్గాల మధ్య సంఘాన్ని నడిపించవలసి వచ్చినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు పనికివస్తాయి.

చివరిగా యెషయా 19వ అధ్యాయపు ముగింపును విద్యార్థులు శ్రద్ధగా చదవాలని కోరుచున్నాము. ఐగుప్తును, అష్షూరును నమ్మవద్దని అంతగా హెచ్చరించిన ఆ గ్రంథంలోనే, ఆ రెండు దేశాల మధ్య ఒక రాజమార్గం ఏర్పడుతుందని, ఇశ్రాయేలు వాటితో మూడవదిగా నిలిచి భూమి మీద ఆశీర్వాదకారణమవుతుందని ఒక దర్శనం ఉన్నది. అక్కడ మధ్యనున్న దేశం ఇరువైపులా భయపడుతూ తూకం చూచుకొనేది కాదు. ఇరువైపులవారు నడిచిపోవడానికి దారి ఇచ్చేది. కాళేశ్వరం దగ్గర ఒకప్పుడు పడవల మీద దాటిన గోదావరి మీద ఇప్పుడు సిరొంచకు వంతెన ఉన్నది. అవతలి ఒడ్డున మునిగిన పొలం గల రైతు, ఇవతలి ఒడ్డున నీరందని రైతు ఆ వంతెన మీదనే సంతకు వస్తూపోతూ ఉంటారు. వారిద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టి ఇద్దరి మాటా వినగలిగే సంఘం ఆ ఒడ్డున ఉంటే, దేశాల మధ్య తూకాన్ని గూర్చి మాట్లాడే అర్హత ఆ సంఘానికి ఉంటుంది.